పిల్లల తిండిలో పురుగుమందు తగ్గాలంటే: ఏవి ఆర్గానిక్ కొనాలి, ఏవి కడుక్కుంటే సరిపోతుంది

హైదరాబాద్‌లో చిన్నపిల్లలున్న ఇళ్లలో నెల సామాన్ల లిస్టు రాసేటప్పుడు ఈ మాట రాక మానదు: ఆర్గానిక్ కొందామా, మామూలువే తెచ్చుకుందామా? అన్నీ ఆర్గానిక్ అంటే బడ్జెట్ తలకిందులవుతుంది. మామూలువి తెస్తే పిల్లాడి కంచంలో అన్నం కలుపుతున్నంతసేపూ మనసు పీకుతూనే ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అన్నీ ఆర్గానిక్ కొనక్కర్లేదు. మీ పిల్లలు ఎక్కువగా తినేవి ఏవి, వాటిలో మందు ఎక్కువగా మిగిలేవి ఏవి అని చూసుకోండి. రెండు లిస్టుల్లోనూ ఉన్న వాటి మీదే అదనపు డబ్బు పెట్టండి. మిగతా వాటికి కుళాయి నీళ్లు, తొక్క తీసే చాకు చాలావరకు సరిపోతాయి.

పిల్లల గురించే ఇంత పట్టింపు ఎందుకంటే, వాళ్ల బరువుతో పోలిస్తే వాళ్లు మనకంటే చాలా ఎక్కువ తింటారు. 12 కిలోల పిల్ల 120 గ్రాముల ద్రాక్ష తిన్నదనుకోండి. 60 కిలోల తండ్రికి అదే మోతాదు అందాలంటే ఒకే విడతలో 600 గ్రాములు తినాలి. పైగా ఆర్గానోఫాస్ఫేట్లు అనే రకం పురుగుమందులు పురుగుల నరాల మీదే దెబ్బ కొడతాయి. ఆ నరాల రసాయనమే మన ఒంట్లోనూ ఉంది. ఈ మందులను విరిచి బయటికి పంపే ఎంజైమ్ పసిపిల్లల్లో పెద్దవాళ్లకున్నంత ఉండదు. మెదడు ఎదిగే వయసు కూడా అదే. 2011లో అమెరికాలో వెలువడ్డ పరిశోధనల్లో, కడుపులో ఉండగా ఈ మందులు ఎక్కువగా సోకిన పిల్లలకు ఏడేళ్ల వయసులో తెలివితేటల పరీక్షల్లో మార్కులు తక్కువగా వచ్చాయి. ఆ రకంలో ముఖ్యమైన క్లోర్‌పైరిఫాస్‌ను యూరప్ 2020లో పూర్తిగా ఆపేసింది. మన దగ్గర అది ఇంకా వాడుకలోనే ఉంది.

తిండి మారిస్తే నిజంగా తేడా వస్తుందా? వస్తుంది, అదీ త్వరగా. 2006లో వెలువడ్డ ఒక అధ్యయనంలో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 23 మంది బడి పిల్లలకు వరసగా ఐదు రోజులు మామూలు తిండికి బదులు అవే రకాలు ఆర్గానిక్‌వి పెట్టారు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్లు మూత్రంలో పరీక్షకు అందనంతగా పడిపోయాయి. మళ్లీ మామూలు తిండికి రాగానే తిరిగి కనిపించాయి. ఇందులో మనకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. ఈ రకం మందులు ఒంట్లో ఏళ్ల తరబడి పేరుకుపోవు, కొన్ని రోజుల్లో వెళ్లిపోతాయి. అంటే ఈ వారం మీరు రెండు మూడు వస్తువులు మార్చినా ఆ మేరకు ఫలితం ఈ వారమే ఉంటుంది.

దీనితో పాటు ఇంకో మాట కూడా గట్టిగా పట్టుకోవాలి. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లో ఈ విషయం మీద ఇచ్చిన నివేదికలో, ఆర్గానిక్ తిండిలో మందు అవశేషాలు తక్కువన్నది నిజమే గానీ పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదని, అన్నిటికంటే ముఖ్యం పిల్లలు పండ్లు, కూరగాయలు బాగా తినడమేనని చెప్పింది. మందు భయంతో కూరలు తగ్గించి బిస్కెట్లు, నూడుల్స్ పెట్టడం కంటే మామూలు కూరగాయలు కడిగి వండి పెట్టడం ఎన్నో రెట్లు నయం. ఆర్గానిక్ దొరకలేదని ఆ రోజు ఆకుకూర మానేయకండి.

ముందు మార్చాల్సినవి

ఏ పంటలో మందు ఎక్కువ మిగులుతుందో తెలుసుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది: ఆ పంట ఎన్నాళ్లకోసారి కోస్తారు? ప్రతి మందుకీ కొట్టిన తర్వాత ఇన్ని రోజులు ఆగి కోయాలని గడువుంటుంది. గుమ్మడి, ఉల్లి, చిలగడదుంప లాంటివి ఒకసారే కోస్తారు కాబట్టి ఆ గడువు గడిచిపోతుంది. బెండకాయ అలా కాదు. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతుంది. వంకాయ, పచ్చిమిర్చి, బీన్స్ కూడా కొద్ది రోజులకోసారి కోయాల్సిందే. చెట్టు మీద ఒకవైపు పురుగు, ఇంకోవైపు కోతకొచ్చిన కాయ. రైతు ఎక్కడ ఆగగలడు?

మా దగ్గరి రైతు బజార్లో బెండకాయలు అమ్మే ఒకామెను ఎప్పుడు మందు కొట్టారని అడిగితే దాచకుండా చెప్పింది. "మొన్న కొట్టినం అక్కా. కొట్టకుంటే అన్నీ పుచ్చులే వస్తయి. పుచ్చు కనవడితే మీరే పక్కకు వెడ్తరు కదా." ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనలేం. నిగనిగలాడే కాయలే ఏరుకునే అలవాటు మనం మానితే ఆమెకూ కొంత వెసులుబాటు ఉంటుంది. ఒకటి రెండు చిల్లులున్న వంకాయను కోసి ఆ భాగం తీసేసి వండుకోవచ్చు.

కూరగాయల్లో అందరూ మర్చిపోయేది కరివేపాకు. కూరలు కొంటే కొసరుగా చేతిలో పెడతారు కాబట్టి దాన్ని మనం లెక్కలోకి తీసుకోం. కానీ మన దేశం నుంచి వెళ్లే కరివేపాకును, బెండకాయను, మిరపకాయను యూరప్ దేశాలు పురుగుమందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా తనిఖీ చేసే లిస్టులో పెట్టాయంటే దాని సంగతి అర్థం చేసుకోవచ్చు. తాలింపులో వేసిన ఆకు పిల్లలు ఎలాగూ ఏరి పక్కన పెడతారు, దానితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా కరివేపాకు పొడితోనే. మొదటి ముద్దలో నెయ్యి వేసి అదే పెడతాం. గుప్పెళ్ల కొద్దీ ఆకు మొత్తం పొట్టలోకే వెళ్తుంది. పొడి చేసేటట్టయితే ఆకు ఇంట్లో చెట్టుదో, నమ్మకమైన ఆర్గానిక్‌దో అయి ఉండాలి. కొత్తిమీర, పుదీనా పచ్చడికీ ఇదే మాట, ఎందుకంటే వాటిని పచ్చిగానే రుబ్బుతాం.

పండ్లలో ముందు చూడాల్సింది ద్రాక్ష. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బండ్ల మీద గుట్టలుగా ఉంటుంది, పిల్లలు గిన్నెడు గిన్నెడు తినేస్తారు. తొక్క తీయలేం, వండం. బూజు తెగుళ్ల కోసం ద్రాక్షకు పదేపదే మందు పడుతుంది. పైన కనిపించే తెల్లటి పొర అంతా మందేనని భయపడకండి. పండంతా సమానంగా పల్చగా పట్టి ఉండేది ద్రాక్షకు సహజంగా వచ్చే మైనపు పొర. చుక్కలు చుక్కలుగా, నీటి బొట్టు ఆరిపోయిన మరకలా ఉంటే అది కొట్టిన మందు కావచ్చు. దేన్నయినా గుత్తిగా కాకుండా పండ్లు విడదీసి కడగాలి. ఆర్గానిక్ ద్రాక్ష దొరికితే ఆ రెండు నెలలు దానికి ఖర్చు పెట్టడం దండగ కాదు. దొరక్కపోతే తక్కువ పెట్టి, అరటి, బొప్పాయి ఎక్కువ పెట్టండి.

యాపిల్‌కు తొక్క తీసేయడమే సులువు. కాలీఫ్లవర్ పువ్వు సందుల్లోకి నీళ్లు సరిగా వెళ్లవు కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా విరిచి కడగాలి. క్యాబేజీకి పై రెండు మూడు ఆకులు తీసేస్తే చాలా భాగం పోతుంది.

డబ్బు పెట్టక్కర్లేనివి

అరటి, కమలా, పుచ్చకాయ, బొప్పాయి, దానిమ్మ, ఉల్లి, గుమ్మడి, సొరకాయ మామూలువి కొన్నా ఫరవాలేదు, తొక్క ఎలాగూ పడేస్తాం. బీరకాయ కూడా ఈ లిస్టులోదే, తొక్కు పచ్చడి చేయనంతవరకు. చేస్తే మాత్రం ఆ కాయ ఆర్గానిక్‌ది తీసుకోండి.

పెద్దగా ఎవరూ మందు కొట్టని తిండి మన దగ్గర బోలెడుంది, దాన్ని ఈ చర్చలో ఎవరూ తలచుకోరు. పాలమూరు వైపు గుట్టల మీద, గట్ల మీద పెరిగిన సీతాఫలం అక్టోబర్‌లో గంపల్లో నగరానికి వస్తుంది. వేసవిలో చింతచిగురు, పెరటి చెట్టు మునగాకు, వాటంతటవే మొలిచి పప్పులోకి వచ్చే గంగవాయిలి, పొన్నగంటి. వీటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. కొర్రలు, రాగులు, సజ్జలు వానాధారంగా, పెద్దగా మందుల్లేకుండా పండే పంటలు. ఆర్గానిక్ రాగిపిండికి రెట్టింపు ధర పెట్టే బదులు ఆ డబ్బుతో ఆర్గానిక్ పుదీనా, కొత్తిమీర, ద్రాక్ష కొనుక్కోవచ్చు.

బియ్యం విషయంలో ఒక తేడా చూసుకోవాలి. పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో పైపొరతో పాటు అవశేషాల్లో చాలా భాగం తవుడులోకి వెళ్లిపోతుంది. ఆరోగ్యం కోసం ముడిబియ్యానికి మారితే ఆ తవుడు పొర తిండిలోనే ఉంటుంది కాబట్టి అప్పుడు ఆర్గానిక్‌దే మంచిది. గోధుమపిండికీ అంతే. పాలు నా లిస్టులో చివర ఉంటాయి. ఆర్గానిక్ పాల ధర నెలకు గట్టిగానే తగులుతుంది, ఆ డబ్బుకు పండ్లు, ఆకుకూరల్లో వచ్చే లాభం ఎక్కువ.

ఎక్కడ కొనాలి

ప్యాకెట్లలో వచ్చే పప్పులు, పిండ్లు, మసాలాలకు సూపర్ మార్కెట్ సరిపోతుంది. మన హైదరాబాద్‌లో పుట్టిన 24 మంత్ర లాంటి బ్రాండ్ కూడా ఉంది, 2004లో మొదలైంది. ప్యాకెట్ మీద బొమ్మ చూడాలి, పేరు కాదు. దేశంలో ఆర్గానిక్ అని అమ్మే ప్యాకెట్ ఆహారానికి 2017 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం 'జైవిక్ భారత్' గుర్తు ఉండాలి. దాని పక్కన 'ఇండియా ఆర్గానిక్' ముద్ర ఉంటే బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్ అని అర్థం. 'పీజీఎస్ ఇండియా ఆర్గానిక్' అంటే రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. దీనిలోనే 'పీజీఎస్ ఇండియా గ్రీన్' అని ఇంకొకటి ఉంది. అది రసాయనాలు మాని ఆర్గానిక్‌కు మారే దారిలో ఉన్న పొలానికి ఇచ్చేది, పూర్తి ఆర్గానిక్ అనుకోకూడదు. నాచురల్, ఫామ్ ఫ్రెష్, కెమికల్ ఫ్రీ అని పెద్ద అక్షరాల్లో రాసి, ఈ గుర్తులేవీ లేకపోతే ఆ మాటకు విలువ లేదు. హైడ్రోపోనిక్ ఆకుకూరలు వేరే సంగతి. వాటిలో మందు తక్కువ ఉండొచ్చు, కానీ మట్టి లేకుండా రసాయన పోషకాల నీళ్లలో పెరుగుతాయి కాబట్టి వాటిని ఆర్గానిక్ అనుకుని ఆ ధర పెట్టకండి.

తాజా కూరగాయలకు నేను ఎక్కువ మొగ్గేది రైతు సంఘాలు నడిపే దుకాణాల వైపు, వారానికోసారి ఇంటికి గంప పంపే రైతుల వైపు. మన ప్రాంతానికి ఇందులో పాత పేరే ఉంది. జనగామ జిల్లాలోని ఏనెబావి ఊరు 2000ల మధ్యలోనే రసాయనాలు మానేసింది. తార్నాకలోని సుస్థిర వ్యవసాయ కేంద్రం పురుగుమందులు లేని సాగును ఇక్కడి రైతులకు నేర్పడంలో ముందున్నది, 'సహజ ఆహారం' అనే రైతుల కంపెనీ దాని అండతో వచ్చిందే. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చిరుధాన్యాలతో ఏళ్లుగా ఈ పనే చేస్తున్నారు.

చిన్న రైతు నేరుగా అమ్మితే సర్టిఫికెట్ లేకపోయినా నిబంధనలు ఒప్పుకుంటాయి. కాబట్టి అడగాల్సింది మనమే. ఏ ఊరి నుంచి వస్తున్నాయి, ఎవరు పండించారు, పురుగొస్తే ఏం చల్లుతారు? నిజంగా చేసేవాళ్లు వేపకషాయం, జిగురు అట్టలు, బంతి మొక్కలు, ఎర పంట అంటూ ఆగకుండా చెప్తారు. ఇంకో గుర్తు: ఏ దుకాణంలోనైనా ఏప్రిల్, మే నెలల్లో కూడా తెల్లటి పెద్ద కాలీఫ్లవర్లు ఎప్పుడూ ఉంటూ, అవి దగ్గరి పొలాలవేనని చెప్తుంటే నేను అనుమానిస్తాను. మా చుట్టుపక్కల అది చలికాలం పంట. నమ్మకమైన రైతు గంపలో వేసవిలో దోసకాయ, బీర, సొర, గోరుచిక్కుడే ఎక్కువగా ఉంటాయి, పిల్లలు మూతి ముడిచినా అవే వస్తాయి.

ధర విషయానికొస్తే కూరగాయలు మామూలు కంటే సగం ఎక్కువ నుంచి రెట్టింపు దాకా పలుకుతాయి. గంప పద్ధతిలో వచ్చినవి పారేయకుండా వండుకోగలిగితే ఆ తేడా కొంత తగ్గుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో వారం గంపలో సగం వాడిపోతుందనుకుంటే ఆ పద్ధతి వద్దు, ఆకుకూరలు మాత్రమే తీసుకోండి.

రైతు బజార్లు 1999లో మొదలైనప్పటి నుంచీ ఎర్రగడ్డ, మెహిదీపట్నం, సరూర్‌నగర్, కూకట్‌పల్లి వాసులకు పెద్ద ఆసరా. అక్కడివి ఆర్గానిక్ కావు, కానీ పండించిన మనిషి ఎదురుగా ఉంటుంది, ఎప్పుడు కొట్టారని అడగొచ్చు, తాజాదనం ఉంటుంది. తక్కువ బడ్జెట్ అయితే మొహమాటం లేకుండా రైతు బజార్‌కే వెళ్లి, ఇంటికొచ్చాక కడగడం మీద శ్రద్ధ పెట్టండి.

ఆకుకూరల దగ్గర ఇంకో ప్రశ్న తప్పనిసరి: ఏ నీళ్లతో పెంచారు? మూసీ దిగువన మురుగు కలిసిన నీళ్లతోనే ఆకుకూరలు పెంచే పొలాలున్నాయి. ఒక్క చుక్క మందు కొట్టకపోయినా ఆ నీళ్లతో క్రిములు, భార లోహాలు వస్తాయి. ఆకులు పెద్దగా, నల్లగా ఏపుగా ఉన్నాయని మురిసిపోవద్దు. బోరు నీళ్లా, చెరువు నీళ్లా, మూసీ నీళ్లా అని అడగండి.

మిద్దెతోట ఈ ఆకుకూరలకు అన్నిటికంటే మంచి జవాబు. ఎండ నాలుగైదు గంటలు పడే బాల్కనీ ఉన్నా చాలు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపిన తొట్టిలో తోటకూర, మెంతి నెల తిరిగేసరికి కోతకొస్తాయి. పుదీనా కాడ గుచ్చితే పాకుతుంది. పెద్ద కుండీలో కరివేపాకు మొక్క ఒకటి పెట్టుకుంటే రెండేళ్ల తర్వాత పొడికి కూడా సరిపోతుంది. కూరగాయలన్నీ డాబా మీదే పండించాలని పెట్టుకోకండి, నీళ్లు మోయలేక విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు. నర్సరీలో పురుగు కోసం మందు ఇస్తామంటే డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. నాలుగు తోటకూర మొక్కలకు అవేవీ వద్దు, వేపనూనె చాలు.

కడగడం ఎంతవరకు పని చేస్తుంది

పైపైన ఉన్న మందుకు బాగా, లోపలికి ఇంకిన దానికి కొద్దిగా. ఎసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క పీల్చుకుని ఆకుల్లోకి, కాయల్లోకి పంపే మందులు, వాటిని ఏ నీళ్లూ పూర్తిగా తీయలేవు. అందుకే కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, ద్రాక్ష లాంటి వాటికి ఆర్గానిక్ అన్నది. మిగతా వాటికి జల్లెడలో వేసి, ధారగా పడే కుళాయి నీళ్ల కింద చేత్తో రుద్దుతూ అర నిమిషం కడగడం మొదటి పని. గిన్నెలో ముంచి తీయడం దీనికి సాటి రాదు.

ఇంకొంచెం బాగా చేయాలనుకుంటే వంటసోడా. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు యాపిల్ పండ్ల మీద పరీక్షించారు. లీటరు నీటికి 10 గ్రాముల సోడా కలిపి 12 నుంచి 15 నిమిషాలు నానబెడితే, పైనున్న రెండు రకాల మందుల్లో ఒకటి 80 శాతం, ఇంకొకటి 96 శాతం పోయాయి. మిగిలింది తొక్కలోకి ఇంకిపోయినదే. లీటరుకు రెండు చెంచాలు సుమారుగా లెక్క. ద్రాక్షకు, యాపిల్‌కు, వంకాయకు, బెండకాయకు ఇది చేయండి, తర్వాత మంచినీళ్లతో కడగండి. బెండకాయలను తొడిమ కోయకముందే కడిగి ఆరబెట్టాలి, లేకపోతే జిగురు వచ్చి ఆ కూర పిల్లలు ముట్టరు. గిన్నెలు తోమే సబ్బు వాడొద్దు. కూరగాయలు కడగడానికని సీసాల్లో అమ్మే ద్రవాలు కొనాల్సిన పని లేదు.

బడ్జెట్‌ను బట్టి నా సలహా

నెలకు ఐదారు వందలే ఎక్కువ పెట్టగలిగితే: కొత్తిమీర, పుదీనా, సీజన్‌లో ద్రాక్ష ఆర్గానిక్‌వి. కరివేపాకు కుండీలో. మిగతావన్నీ రైతు బజార్‌వి, సోడా నీళ్లలో కడిగినవి. రెండు వేల దాకా వీలైతే ఆకుకూరలు, బెండ, వంకాయ, పచ్చిమిర్చి, టమాటా కూడా రైతు సంఘం దుకాణానికి మార్చండి. గోధుమపిండి, కందిపప్పు ఆ తర్వాతే. ఇంట్లో గర్భిణి ఉంటే, లేక ఆరు నెలల పాపకు కొత్తగా అన్నప్రాశన అయి ఉంటే, ముందు వాళ్లు తినే వాటినే మార్చండి. పెద్దవాళ్ల వాటాకు తర్వాత ఆలోచించొచ్చు. పాపకు పెట్టే కూర గుజ్జు రోజుకు గుప్పెడే కాబట్టి ఆ ఖర్చు ఎవరికైనా అందుబాటులోనే ఉంటుంది.

తిండి ఇంత జాగ్రత్తగా చూసుకుని, పిల్లలు పాకే నేల మీద బొద్దింకల మందు పిచికారీ చేస్తే ఈ శ్రమకు అర్థం లేదు. బియ్యం మూటలో పురుగు పట్టకుండా గుళికలు పెట్టే అలవాటు ఉంటే వెంటనే మానండి. వాటి నుంచి వచ్చే గ్యాస్ మనుషుల ప్రాణాలు తీసింది. ఎండిన వేపాకు, ఎండుమిరపకాయలు వేసి గట్టి మూత డబ్బాలో పోసుకోండి, లేదా నెలకు సరిపడానే తెచ్చుకోండి. చీమలకు మందు కలిపిన సుద్దముక్కతో గీతలు గీయకండి, పాకే పిల్లలు ఆ వేలే నోట్లో పెట్టుకుంటారు. దోమలకు కాయిల్ కంటే దోమతెర, కిటికీలకు జాలీ. చెదలకు మందు కొట్టించక తప్పకపోతే ఏ మందు వాడుతున్నారో పేరు కాగితం మీద రాయించుకోండి. అందులో క్లోర్‌పైరిఫాస్ ఉంటే వేరేది అడగండి. ఆ రెండు మూడు రోజులూ కిటికీలు తెరిచి పెట్టి, పిల్లల్ని అమ్మమ్మ వాళ్లింటికి పంపించండి.